‘లైఫ్‌టైమ్ ఇదే ధర’ అంటే ఎవరి లైఫ్‌టైమ్?

మీరు అడిగింది ఇదీ: డాలస్ దగ్గర ఇల్లు కొన్నారు. మీ వీధిలో ఈ మధ్యే ఫైబర్ వేశారు. శనివారం తలుపు తట్టిన సేల్స్ కుర్రాడు 1 గిగ్ (సెకనుకు ఒక గిగాబిట్ స్పీడు) కనెక్షన్ నెలకు 65 డాలర్లు, లైఫ్‌టైమ్ ప్రైస్ గ్యారంటీ, ఇక ఎప్పటికీ పెరగదు అన్నాడు. ఇప్పుడున్న కేబుల్ ఇంటర్నెట్ మొదటి ఏడాది 50 ఉండి, ఆ తర్వాత 92కి పోయింది. ఇండియా నుంచి వచ్చిన మీ నాన్నగారేమో, “లైఫ్‌టైమ్ అన్నవాణ్ణి నమ్మకురా” అన్నారు. తీసుకోవాలా, వద్దా?

తీసుకోండి. అయితే లైఫ్‌టైమ్ అన్న మాట కోసం మాత్రం తీసుకోవద్దు. ఆ మాటను పక్కన పెట్టి చూసినా మీ లెక్క కుదురుతోంది కాబట్టి తీసుకోండి. నేను పద్నాలుగేళ్లుగా ఇక్కడి ఇంటర్నెట్ కంపెనీల బిల్లింగ్‌లో పని చేస్తున్నాను. ఇలాంటి ఆఫర్లను సిస్టమ్‌లోకి ఎక్కించే పని నాది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ నాన్నగారి మాట. ఆయనకు గుర్తున్నది ఏమిటో నాకు తెలుసు. 2005 చివర్లో, 2006లో మన దగ్గర 999 రూపాయలకు లైఫ్‌టైమ్ ప్రీపెయిడ్ వచ్చింది. ఒకసారి డబ్బు కడితే ఇన్‌కమింగ్ జీవితాంతం ఫ్రీ. మా ఇంట్లో అమ్మకు తీసుకున్నాం, ఊళ్లో సగం ఇళ్లలో ఉండేది. అప్పుడు ఈ “జీవితాంతం” ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. 2006 మార్చిలో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దానికి జవాబు ఇచ్చింది. కంపెనీకి లైసెన్సు, లేదా దాని రెన్యువల్, ఉన్నంత కాలం ఆ ప్లాన్ నడవాలి. ఆ లైసెన్సు ఏ నెల, ఏ సంవత్సరంలో ముగుస్తుందో కొనేవాడికి చెప్పాలి. ముందే డబ్బు కట్టించుకున్న ప్లాన్‌లో మధ్యలో రేట్లు పెంచకూడదు. అంటే మన జీవితం కాదు, కంపెనీ లైసెన్సు జీవితం. తర్వాత ఏమైందో మీకూ తెలుసు. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా నెలకు కనీసం 35 రూపాయల రీచార్జి పెట్టాయి. ప్రతి నెలా వేయించుకోకపోతే లైన్ ఆగిపోతుందని మెసేజీలు వచ్చాయి. జీవితాంతం అనుకుని కట్టినవాళ్లు కొట్టు ముందు నిలబడి గొడవ పడటం చాలామంది చూశారు. మీ నాన్నగారిది చాదస్తం కాదు, అనుభవం.

ఇక్కడ ఇంటి ఫైబర్‌కి వస్తే, అదే ప్రశ్న వేసుకోవాలి. లైఫ్‌టైమ్ అంటే దేని లైఫ్? నేను చూసిన దాదాపు ప్రతి ఆఫర్‌లోనూ అది మీ ప్లాన్ బతికున్నంత కాలం. ఆ ప్లాన్, ఆ స్పీడు, ఆ అడ్రసు, ఆ అకౌంట్ పేరు, ఈ నాలుగూ కదలకుండా ఉన్నంత వరకే. ఇల్లు మారితే పోతుంది. 1 గిగ్ నుంచి 2 గిగ్‌కి వెళ్తే పోతుంది. తర్వాత వెనక్కి వచ్చినా పాత ధర రాదు. బిల్లు కట్టక లైన్ ఆపేస్తే, మళ్లీ తెరిపించుకునేటప్పటికి కొత్త కస్టమరే. మీ పేరు మీద ఉన్నదాన్ని మీ ఆవిడ పేరుకు మార్చినా కొన్ని కంపెనీల్లో కొత్త అకౌంటే.

కంపెనీలు ఇంత పెద్ద మాట ఎలా ఇస్తాయో తెలిస్తే అందులో మెలిక ఎక్కడుందో తెలుస్తుంది. ఫైబర్‌లో ఖర్చంతా ముందే. రోడ్డు పక్కన తవ్వి, గొట్టం వేసి, గాజు తీగను మీ ఇంటి ముందు దాకా తేవడానికి ఇంటికి సుమారు వెయ్యి డాలర్లని పెద్ద కంపెనీలే తమ మదుపరులకు చెబుతుంటాయి. అక్కడి నుంచి మీ గోడ దాకా లాగి పెట్టె బిగించడానికి ఇంకొన్ని వందలు. ఆ తర్వాత వీధిలో నెలనెలా ఖర్చు పెట్టాల్సినదంటూ పెద్దగా ఏమీ లేదు. ఒక పోగులో వచ్చే వెలుగును 32 ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కి కరెంటు కూడా అక్కర్లేదు. పాత జీపాన్ పద్ధతిలో ఆ ఇళ్లన్నిటికీ కలిపి డౌన్‌లోడ్‌కి సెకనుకు 2.5 గిగాబిట్లు, ఇప్పుడు వేస్తున్న ఎక్స్‌జీఎస్-పాన్‌లో రెండు వైపులా 10 గిగాబిట్లు. మీరు రాత్రంతా సినిమాలు చూసినా కంపెనీకి పెరిగే ఖర్చు బహు స్వల్పం. కాబట్టి మీరు ఎక్కువ వాడతారని వాళ్లకు భయం లేదు. వెళ్లిపోతారనే భయం. పెట్టిన పెట్టుబడి నెలనెలా కొంచెం కొంచెంగా తిరిగి రావాలి, మధ్యలో మీరు పక్క కంపెనీకి పోతే అది మట్టిలో ఉండిపోతుంది. ధర పెంచను అని చెప్పి మిమ్మల్ని పదేళ్లు కూర్చోబెట్టగలిగితే వాళ్లకు అదే లాభం.

పైగా వాళ్లు వేసుకునే లెక్క ఇంకొకటి ఉంది. సెన్సస్ లెక్కల ప్రకారం ఈ మధ్య అమెరికాలో ఏటా నూటికి ఎనిమిది, తొమ్మిది మంది ఇల్లు మారుతున్నారు. మనవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ నుంచి టౌన్‌హోమ్, అక్కడి నుంచి స్కూళ్లు బాగున్నాయని ఇంకో ఊరు, ప్రాజెక్టు అయిపోతే ఇంకో రాష్ట్రం. వీసా మీద ఉన్నప్పుడు ఐదేళ్లు ఒకే అడ్రసులో ఉన్నవాళ్లు నాకు తెలిసినవాళ్లలో తక్కువ. లైఫ్‌టైమ్ అన్న మాట ఇచ్చినా, ఎక్కువ మంది దాన్ని కొన్నేళ్లకు మించి వాడుకోరని కంపెనీకి తెలుసు. మీరు ఇల్లు కొన్నారు కాబట్టి మీకు ఆ మాట విలువ కొంచెం ఎక్కువే. నిజంగా కదలకుండా ఉంటే లాభం చిన్నది కాదు. సెంచురీలింక్ అనే ఇంటర్నెట్ కంపెనీ 2018 ప్రాంతంలో ‘ప్రైస్ ఫర్ లైఫ్’ పేరుతో గిగాబిట్ ఫైబర్‌ను 65 డాలర్లకే ఇచ్చింది. అప్పటి 65 డాలర్లు ఇవాళ్టి ధరల్లో 80కి పైమాటే. ధర కదలకపోతే చాలు, ఏటేటా అది దానంతటదే చవకవుతుంది.

ఇక జాగ్రత్త పడాల్సిన చోటు. గ్యారంటీ ప్లాన్ ధరకు ఉంటుంది, బిల్లుకు కాదు. ఈ రెండిటి మధ్య ఉన్న సందులోంచే డబ్బు కారిపోతుంది. టాక్సులు వేరు. రూటర్ అద్దె వేరు. ఆటోపే, పేపర్‌లెస్ బిల్లు పెట్టుకుంటే ఇచ్చే డిస్కౌంటు వేరు. 65 అన్నది ఆ డిస్కౌంటు పోగా మిగిలిన ధర అయితే, గ్యారంటీ ఉన్నది 65కా, డిస్కౌంటు లేకముందున్న ధరకా (ఉదాహరణకు 75కా) అని అడిగి తీరాలి. అన్నిటికంటే గట్టిగా చూడాల్సింది, పన్నులాగా కనబడుతూ పన్ను కాని ఫీజుల్ని. సెంచురీలింక్ బిల్లుల్లో ‘ఇంటర్నెట్ కాస్ట్ రికవరీ ఫీ’ అని ఒక పద్దు ఉండేది. పేరు చూస్తే ప్రభుత్వం వేసినట్టు ఉంటుంది, వేసింది కంపెనీయే. దాని మీద, చెప్పిన ధర కంటే ఎక్కువ వసూలు చేయడం మీద కొలరాడో అటార్నీ జనరల్ విచారణ జరిపితే, 2019 డిసెంబరులో ఆ కంపెనీ సుమారు 85 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. మీ బిల్లులో ప్రతి పద్దుకూ ఒకటే పరీక్ష: ఇది ప్రభుత్వానికి పోతోందా, కంపెనీ ఉంచుకుంటోందా? కంపెనీ ఉంచుకునేదైతే, పేరు ఏదైనా, అది ధరలో భాగమే.

గ్యారంటీ అన్న మాటకు అర్థం ఎంత సన్నగా ఉండొచ్చో తెలియాలంటే ఇక్కడి మొబైల్ కంపెనీ టీ-మొబైల్ సంగతి చూడండి. 2017 జనవరిలో ‘అన్-కాంట్రాక్ట్’ అని ప్రకటించింది. టీ-మొబైల్ వన్ ప్లాన్‌లో ఉన్నవాళ్ల ధర తాము మార్చబోమని, మార్చుకుంటే కస్టమరే మార్చుకోవాలని ఊరూరా చెప్పుకుంది. ప్రశ్నలూ జవాబుల పేజీలో మాత్రం అసలు విషయం ఉంది: మేం ధర పెంచి, అది నచ్చక మీరు మానేస్తే, మీ ఆఖరి నెల బిల్లు మేం కడతాం. అంతే. 2024 మేలో పాత ప్లాన్ల మీద లైనుకు 2 డాలర్లు, 5 డాలర్లు పెంచారు. జనం ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఫిర్యాదులు పెట్టారు, ఆ జులైలో కోర్టులో దావా వేశారు. అదే ఏడాది, ప్రకటనల మీద వచ్చే తగాదాలు చూసే నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ టీ-మొబైల్ ఇంటి ఇంటర్నెట్‌కు ‘ప్రైస్ లాక్’ (ధరకు తాళం) అన్న మాట వాడటం మానుకోమని సూచించింది. ఆఖరి నెల బిల్లు కట్టడాన్ని తాళం అనరు కదా.

మా పనిలో నేను కళ్లారా చూసింది కూడా చెబుతాను. కంపెనీ పేరు వద్దు. పాత బిల్లింగ్ సిస్టమ్‌లో ఏ డిస్కౌంటుకైనా ఎన్ని నెలలో రాయాలి, ఖాళీగా వదిలితే ముందుకు పోదు. లైఫ్‌టైమ్ ఆఫర్‌కి అందరం 999 అని కొట్టేవాళ్లం. ఎనభై మూడేళ్లు. అది చాలనుకున్నాం. కొన్నేళ్లకు ఇంకో కంపెనీ మమ్మల్ని కొంది, వాళ్ల సిస్టమ్‌లోకి అకౌంట్లు మార్చాం. వాళ్ల దగ్గర ఆ గడిలో రెండంకెలే పడతాయి. మార్చే ప్రోగ్రాం మూడో తొమ్మిదిని వదిలేసి 99 అని రాసుకుంది. టెస్టింగ్‌లో ఎవరూ పట్టలేదు, నేనూ పట్టలేదు. 99 నెలలంటే ఎనిమిదేళ్ల మూడు నెలలు. మొదట చేరిన కస్టమర్లకు ఆ లెక్క నిండిన నెలలో బిల్లు ఒక్కసారిగా 30 డాలర్లు పెరిగింది.

కస్టమర్ కేర్‌లో కూర్చున్న పిల్లలకు తెరమీద కనబడేది ‘ప్రమోషన్ ముగిసింది’ అనే. వాళ్లు నిజాయితీగానే అదే చెప్పారు. చాలామంది తిట్టుకుని కట్టేశారు, కొంతమంది మానేశారు. ఒక పెద్దావిడ మాత్రం చేరినప్పుడు వచ్చిన ఉత్తరాన్ని స్కాన్ చేసి పంపింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించుకుంది. అందులో ప్లాన్ పేరు, ధర, ‘ఈ ప్లాన్‌లో కొనసాగినంత కాలం’ అన్న వాక్యం, తేదీ, అన్నీ ఉన్నాయి. ఆ కాగితం నా టేబుల్ మీదికి వచ్చాకే తప్పు ఎక్కడ జరిగిందో వెతికాం. ఆవిడకే కాదు, మిగతావాళ్లకూ డబ్బు వెనక్కి ఇచ్చాం. కానీ అప్పటికే మానేసినవాళ్లకు ఆ ధర తిరిగి రాలేదు. ఇప్పటికీ ఆ సంగతి నన్ను బాధిస్తుంది. ఎవరూ మోసం చేయాలనుకోలేదు, అయినా వేలమందికి ఇచ్చిన మాట ఒక అంకె దగ్గర తెగిపోయింది.

అందుకే కంపెనీలు చేతులు మారడం గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ రంగంలో ఇప్పుడు అదే జరుగుతోంది. సెంచురీలింక్ పేరు 2020లో లూమెన్ అయింది. 20 రాష్ట్రాల్లోని లైన్లు 2022లో బ్రైట్‌స్పీడ్‌కి వెళ్లాయి. మిగిలిన ఇళ్ల ఫైబర్‌ను 575 కోట్ల డాలర్లకు ఏటీ అండ్ టీకి అమ్ముతున్నట్టు 2025 మేలో ప్రకటించారు. మీ డాలస్ వైపు చాలా ఊళ్లలో ఉన్న ఫ్రాంటియర్‌ను 2000 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు వెరైజన్ 2024 సెప్టెంబరులో చెప్పింది. కొన్నవాళ్లు సాధారణంగా పాత ధరల్ని వెంటనే ముట్టుకోరు, జనం పోతారని భయం. కానీ మీ ఒప్పందంలో ‘ఈ షరతుల్ని ముందస్తు నోటీసుతో మార్చే హక్కు మాకుంది’ అన్న వాక్యం ఉంటే, ఆ హక్కు కొన్నవాళ్లకూ వస్తుంది.

అసలు వైరే ఉండకపోవచ్చు కూడా. గూగుల్ ఫైబర్ లూయీవిల్‌లో ఖర్చు తగ్గించుకోవాలని రోడ్డులో రెండంగుళాల లోతున తీగ వేసింది. అది పైకి తేలిపోయింది. 2019 ఫిబ్రవరిలో వెళ్లిపోతున్నామని చెప్పి, ఏప్రిల్ 15న ఆపేసింది. రోడ్లు బాగుచేయడానికి నగరానికి 38 లక్షల డాలర్లకు పైగా కట్టింది. అలాంటి చోట ఏ ధర గ్యారంటీ అయినా ఏం చేస్తుంది?

మరి ధరను నిజంగా పట్టి ఉంచేది ఏమిటి? పక్కన ఇంకో వైరు. నా ఇన్నేళ్ల పనిలో నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే. ధరలు నిర్ణయించే మీటింగుల్లో మొదట తెరిచేది మ్యాప్: ఏ వీధిలో మనం ఒక్కళ్లమే, ఏ వీధిలో పోటీ ఉంది. పోటీ లేని వీధికి డిస్కౌంటు ముగియగానే పూర్తి రేటు. పోటీ ఉన్న వీధిలో ఫోన్ చేసి ‘మానేస్తాను’ అనగానే తగ్గింపు. మీ కేబుల్ 50 నుంచి 92కి పోయింది మీ వీధిలో ఫైబర్ రాకముందు. ఇప్పుడు ఫోన్ చేసి చూడండి, ఏమంటారో.

ఏ లైఫ్‌టైమ్ హామీ లేకుండానే ధర నిలబడిన చోట్లు కూడా ఉన్నాయి. గూగుల్ ఫైబర్ 2012లో కాన్సస్ సిటీలో గిగాబిట్‌ను 70 డాలర్లకు మొదలుపెట్టింది. పన్నెండేళ్లు దాటాక, 2025లోనూ 1 గిగ్ ధర 70 దగ్గరే ఉంది. (అప్పుడే వాళ్లు 300 డాలర్ల నిర్మాణ రుసుముతో ఒక ఉచిత ప్లాన్ ఇచ్చారు. ‘కనీసం ఏడేళ్లు’ అని సంఖ్య చెప్పి ఇచ్చారు. నాకు అలాంటి మాట ఎక్కువ నచ్చుతుంది.) హైదరాబాద్ సంగతే చూడండి. 2020 సెప్టెంబరులో జియో 30 ఎంబీపీఎస్‌ను 399 రూపాయలకు పెట్టింది, జీఎస్‌టీ అదనం. వెంటనే ఎయిర్‌టెల్ 499 ప్లాన్ తెచ్చింది. 2024 జులైలో మొబైల్ రీచార్జీలు పెంచినప్పుడు కూడా ఆ 399 కదల్లేదు. కారణం స్తంభం మీదే కనబడుతుంది: జియో, ఎయిర్‌టెల్, ఏసీటీ, గల్లీ కేబుల్ అతని వైరు, నాలుగూ ఒకే స్తంభానికి వేలాడుతుంటాయి.

ఈ మధ్య కంపెనీలు సంఖ్యతో మాట ఇవ్వడం మొదలుపెట్టాయి. 2025 ఏప్రిల్లో వెరైజన్ మూడేళ్లు, కామ్‌కాస్ట్ ఐదేళ్లు ధర పెంచమని ప్రకటించాయి. వాటిలోనూ టాక్సులు, ఫీజుల మినహాయింపులు ఉంటాయి, చదవాలి. కానీ ఒకే ధరకు, ఒకే స్పీడుకు ‘లైఫ్‌టైమ్’ ఒకటి, ‘ఐదేళ్లు, ఈ తేదీ దాకా’ ఇంకొకటి ఉంటే నేను రెండోదాన్నే తీసుకుంటాను. తేదీ ఉన్న మాటను కోర్టులోనైనా, ఫిర్యాదులోనైనా నిలబెట్టడం తేలిక. లైఫ్‌టైమ్‌కి అర్థం చెప్పే హక్కు రాసినవాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. సేల్స్ కుర్రాడి మాట మీద సంతకం పెట్టకండి. అతను చెడ్డవాడని కాదు, అతను వేరే కాంట్రాక్టర్ మనిషి అయి ఉండొచ్చు, ఆరు నెలలకు ఇక్కడ ఉండకపోవచ్చు. నోటిమాటలు నీటిమూటలే. కంపెనీ వెబ్‌సైట్‌లో మీ అడ్రసు కొట్టి, ఆ ప్లాన్‌కి ఉన్న ‘బ్రాడ్‌బ్యాండ్ ఫ్యాక్ట్స్’ లేబుల్ తెరవండి. తిండి ప్యాకెట్ల వెనక ఉండే పోషకాల పట్టీలా ఉంటుంది. ఎఫ్‌సీసీ దాన్ని 2024 ఏప్రిల్ 10 నుంచి పెద్ద కంపెనీలకు, అక్టోబరు 10 నుంచి చిన్నవాటికి తప్పనిసరి చేసింది. అందులో నెలవారీ ధర, ఇది ఇంట్రడక్టరీ ధరా కాదా, అయితే ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత, కాంట్రాక్టు ఉందా, కంపెనీ నెలనెలా వేసే ఫీజులు, మధ్యలో మానేస్తే జరిమానా, మామూలుగా వచ్చే అప్‌లోడ్, డౌన్‌లోడ్ స్పీడులు, అన్నీ ఉంటాయి. ఆటోపే డిస్కౌంటు సాధారణంగా ఆ ధరలో కలపరు, కాబట్టి అక్కడ 65 కాకుండా 75 కనబడితే కంగారు పడకండి. తేడా ఎందుకో చాట్‌లో రాసి అడగండి, ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసుకోండి.

అదే చాట్‌లో ఇంకో రెండు ప్రశ్నలు వేయండి. రూటర్ ఈ ధరలోనే ఉందా, ఎప్పటికీ ఉంటుందా? ఏమేం చేస్తే ఈ ధర పోతుంది? రెండో ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పే ఏజెంటు దొరికితే ఆ కంపెనీ మీద నాకు కొంచెం నమ్మకం కలుగుతుంది. చాట్, లేబుల్, ఆర్డర్ కన్ఫర్మేషన్ మెయిల్, మొదటి బిల్లు, నాలుగూ పీడీఎఫ్ చేసి మీ సొంత మెయిల్‌కి పంపుకోండి. కంపెనీ పోర్టల్ మీద ఆధారపడకండి, సిస్టమ్ మారిన రోజు పాత బిల్లులు మాయమవుతాయి. ఒక ప్రింటు తీసి ఇంటి కాగితాలున్న కవరులో కూడా పెట్టండి.

తర్వాత ఎప్పుడైనా ధర పెరిగితే మొదట కంపెనీకి ఆ కాగితం పంపండి. వాళ్లు వినకపోతే ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో ఇన్ఫార్మల్ కంప్లయింట్ పెట్టండి. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ 30 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. అవి కస్టమర్ కేర్‌కి రావు, వాటికోసమే ఉన్న చిన్న టీమ్‌కి వస్తాయి, వాళ్లకు సరిదిద్దే అధికారం ఉంటుంది. మా ఆఫీసులో ఆ టీమ్ నుంచి ఫోన్ వస్తే భోజనం వదిలేసి లేచేవాళ్లం.

మీ లెక్కకి తిరిగి వస్తే, 92కీ 65కీ తేడా నెలకు 27, ఏడాదికి 324 డాలర్లు. కాంట్రాక్టు లేకపోతే, రూటర్ కలిసే ఉంటే, లైఫ్‌టైమ్ గ్యారంటీ రెండేళ్లకే ముగిసినా మీరు నష్టపోయేది ఏమీ లేదు. పైగా కేబుల్‌లో అప్‌లోడ్ చాలాచోట్ల కొన్ని పదుల ఎంబీపీఎస్‌కే పరిమితం. ఫైబర్‌లో రెండు వైపులా దాదాపు సమానం. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు, రాత్రిపూట ఇండియాకు వీడియో కాల్ చేసేవాళ్లకు ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. అదే గ్యారంటీ కోసం నెలకు 10 డాలర్లు ఎక్కువ కట్టమంటే, లేదా రెండేళ్ల కాంట్రాక్టు పెట్టమంటే మాత్రం వద్దనే చెబుతాను. 2 గిగ్, 5 గిగ్ అంటూ ఆశ పెట్టినా ఒప్పుకోకండి; నలుగురున్న ఇంటికి 1 గిగ్ ఎక్కువే.

ఒక చివరి మాట, కేబుల్‌ను వెంటనే తీసేయకండి. ఫైబర్ బిగించాక ఒక వారం రెండూ నడపండి, వాన పడ్డ రోజు, రాత్రి తొమ్మిదింటప్పుడు ఎలా ఉందో చూడండి. అంతా బాగుంటే కేబుల్ వాళ్ల మోడెమ్‌ను స్వయంగా వాళ్ల స్టోరుకు తీసుకెళ్లి ఇవ్వండి. సీరియల్ నంబరు రాసి ఉన్న రసీదు అడిగి తీసుకోండి. తిరిగిచ్చిన మోడెమ్‌కి కూడా మూడు నెలల తర్వాత బిల్లు వేసిన సందర్భాలు నాకు చాలా తెలుసు. ఆ రసీదును కూడా అదే కవరులో పెట్టండి.